ఆకాశాన్ని చదివిన మనిషి – వైను బప్పు గారి జీవితం

ఈ ఏటి సావనీరుకు ఎవరైనా ఒక గొప్పవారి జీవితం వ్రాసి ఇవ్వవలసిందని పెద్దలు కోరారు. ఎవరిని గూర్చి వ్రాయాలా అని తల పట్టుకుని కూర్చున్న సమయంలో మా మనుమడు వచ్చి ఒక ప్రశ్న వేశాడు. 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోట నుండి సూర్యుణ్ణి చూడటానికి ఆదిత్య-ఎల్1 అనే నౌకను పంపారు గదా, రోజూ మన మిద్దె మీదికే వచ్చే సూర్యుణ్ణి చూడటానికి 15 లక్షల కిలోమీటర్లు పోవడం ఎందుకని వాడి సందేహం. పిల్లవాడి మాట అని తీసిపారేయడానికి వీల్లేని ప్రశ్న అది. జవాబు వెతుక్కుంటూ పోతే ఆ నౌకలోని పెద్ద పరికరాన్ని తయారుచేసిన సంస్థ పేరు తెలిసింది. ఆ సంస్థను నిలబెట్టిన మనిషి హైదరాబాదులో పెరిగినవాడని తెలిసింది. ఆయనే మనాలి కల్లాట్ వైను బప్పు గారు. (బొమ్మలు వేసిన బాపు గారు వేరు, వీరు వేరు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల పొరబడతారని చెబుతున్నాను.)

బప్పు గారి సంగతి చెప్పే ముందు ఒక నవాబు గారి సంగతి చెప్పాలి. హైదరాబాదు సంస్థానంలో నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ అని ఒక ప్రభువు ఉండేవారు. నవాబులంటే వేట, విందు, గుర్రాలు అని మన మనసులో ఒక బొమ్మ ఉంది గదా, వీరి సరదా వేరు. ఇంగ్లండు నుండి 15 అంగుళాల పెద్ద దుర్భిణి కొని తెప్పించి, 1901లో ఫిసల్‌బండ దగ్గర తన సొంత జాగాలో వేధశాల పెట్టించారు. దానికి తన పేరు పెట్టుకోలేదు, ఆనాటి ప్రభువైన మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారి గౌరవార్థం నిజామియా అని పెట్టారు. 1907లో జఫర్ జంగ్ గారు కాలం చేసిన తరువాత నిజాం సర్కారు దాన్ని తన చేతిలోకి తీసుకుని నడిపించింది. ఆ పైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. వేధశాల బేగంపేటకు మారింది.

ఆ రోజుల్లో ప్యారిస్ వాళ్ళు మొదలుపెట్టిన ఒక పెద్ద పని ప్రపంచమంతా జరుగుతూ ఉండేది. ఆకాశం మొత్తాన్ని ముక్కలుగా పంచుకుని, ఒక్కొక్క వేధశాల ఒక్కొక్క ముక్కను గాజు పలకల మీద ఫోటో తీసి, అందులోని ప్రతి నక్షత్రం ఎక్కడుందో కొలిచి అచ్చు వేయాలి. మన పొలాలకు సర్వే చేసి అడంగల్ వ్రాసినట్లే, ఆకాశానికి అడంగల్ వ్రాయడం అన్నమాట. ఇందులో హైదరాబాదుకూ ఒక వాటా వచ్చింది. 1914 నుండి ఏళ్ళ తరబడి నిజామియా వాళ్ళు పలకలు తీసి, ఒక్కొక్క చుక్కను చేత్తో కొలిచి, 7 లక్షలకు పైగా నక్షత్రాల లెక్క వ్రాసి పెట్టారు. కంప్యూటరు లేదు, కాలిక్యులేటరు లేదు. ఆ పుస్తకాలు చూసి ఎవరికి ఏం లాభం అని ఆనాడే అడిగినవాళ్ళు ఉండి ఉంటారు. ఆ ప్రశ్నకు జవాబు 2000 సంవత్సరంలో వచ్చింది. ఆ సంగతికి తరువాత వస్తాను.

బప్పు గారి నాన్నగారు ఈ నిజామియా వేధశాలలోనే ఉద్యోగి. వాళ్ళది కేరళలోని తలశ్శేరి వైపు కుటుంబం. వైను 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టినా, పెరిగింది, చదివింది హైదరాబాదులోనే. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. తక్కిన పిల్లలకు రాత్రి అంటే నిద్ర, ఈ అబ్బాయికి రాత్రి అంటే నాన్నగారి డ్యూటీ. కొట్టం తలుపు తీసినట్లు గుమ్మటం తెరుచుకోవడం, ఆ సందులోంచి చుక్కలు కనబడటం చిన్నప్పుడే అలవాటయిపోయింది. నిజాం కాలేజీలో ఫిజిక్సు చదువుతున్న రోజుల్లోనే, వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలను తానే గమనించి, వాటి మీద వ్యాసాలు వ్రాసి శాస్త్ర పత్రికల్లో అచ్చు వేయించుకున్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

1949లో అమెరికాలోని హార్వర్డుకు పై చదువుకు పోయాడు. పోయిన కొన్ని నెలలకే, ఆ ఏడు జూలై 2న, రాత్రి తీసిన ఫోటో పలక మీద ఉండకూడని ఒక గీత కనిపించింది. అది కొత్త తోకచుక్క. ప్రొఫెసరు బార్ట్ బాక్ గారు, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ ఆ సంగతి నిర్ధారించుకోవడంలో కలిశారు. అందుకని దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్క అని ముగ్గురి పేర్లూ పెట్టారు. అది ఒకసారి చుట్టి రావడానికి సుమారు 60 వేల సంవత్సరాలు పడుతుందని లెక్క కట్టారు. కాబట్టి మనమెవ్వరం దాన్ని మళ్ళీ చూడబోయేది లేదు. ఆ ఏడు ఆయనకు తోకచుక్కల వాళ్ళకిచ్చే డానహో పతకం కూడా వచ్చింది.

తోకచుక్క వల్ల పేరు వచ్చింది గాని, నా మట్టుకు ఆయన చేసిన అసలు పని అది కాదు. తోకచుక్క దొరకడంలో అదృష్టం పాలు ఉంటుంది. 1952లో డాక్టరేటు పుచ్చుకున్న తరువాత కాలిఫోర్నియాలో ఆనాటికి ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల పాలోమర్ దుర్భిణి ఉన్న చోట పని చేసే అవకాశం వచ్చింది. అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి చేసిన పని అసలైనది. దాన్ని కాస్త నిదానంగా చెబుతాను. ఇల్లాళ్ళకు, పిల్లలకు కూడా అర్థం కావాలి గదా.

రాత్రి పూట మన ఊరి బయట నిలబడితే దూరంగా ఒక దీపం కనబడుతుంది. అది దగ్గరగా ఉన్న కిరోసిన్ బుడ్డా, లేక పక్క ఊళ్ళో ఉరుసుకు వెలిగించిన పెట్రోమాక్సు లైటా? కంటికి రెండూ ఒకటే చుక్క. బుడ్డో, పెట్రోమాక్సో తెలిస్తే దూరం చెప్పవచ్చు. దూరం తెలిస్తే ఏ దీపమో చెప్పవచ్చు. రెండూ తెలియకపోతే నోరు మూసుకోవలసిందే. నక్షత్రాలతో వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే.

నక్షత్రపు వెలుగును పట్టకం గుండా విడదీస్తే ఇంద్రధనుస్సులా రంగుల పట్టీ వస్తుంది. అందులో అక్కడక్కడ నల్లని గీతలుంటాయి. కాల్షియం వల్ల వచ్చే గీత ఒకటుంది. కాల్షియం అంటే మరేమో కాదు, తాంబూలంలో వేసుకునే సున్నంలో ఉండేదే. సూర్యుని వంటి నక్షత్రాలలోనూ, అంతకన్నా చల్లని నక్షత్రాలలోనూ ఈ నల్లని గీత నడిమధ్య సన్నని వెలుగు చార ఒకటి కనబడుతుంది. విల్సన్, బప్పు గార్లు 185 నక్షత్రాలలో ఆ చార వెడల్పును కొలిచి చూశారు. నిజంగా పెద్ద వెలుగు గల నక్షత్రానికి చార వెడల్పుగాను, చిన్న వెలుగు గలదానికి సన్నగాను ఉంది. ఆ హెచ్చుతగ్గులు ఒక క్రమంలో, తిన్నని గీత గీసినట్లు ఉన్నాయి. అంటే చార వెడల్పు కొలిస్తే చాలు, అది బుడ్డో పెట్రోమాక్సో తేలిపోతుంది. ఆ తరువాత దూరం లెక్క కట్టడం సులువు. 1957లో అచ్చయిన ఈ సూత్రానికి విల్సన్-బప్పు ప్రభావం అని పేరు. ఈనాటికీ పాఠ్యపుస్తకాలలో ఆ పేరుతోనే ఉంది.

అటువంటి చోట పేరు తెచ్చుకున్నవాడు అక్కడే ఉండిపోతే అడిగే నాథుడు లేడు. ఆయన మాత్రం 1953లోనే స్వదేశానికి వచ్చేశాడు. అమెరికాలో చేసిన పని అచ్చయ్యేసరికి ఆయన ఉత్తరప్రదేశ్‌లో ఉన్నాడు. అక్కడ వేధశాల పని కాశీలో మొదలయింది. మైదానంలో దుమ్ము, పొగ ఎక్కువని దాన్ని నైనీతాల్ కొండల మీదికి మార్పించాడు. 1960లో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరు అయ్యేనాటికి ఆయనకు 33 ఏళ్ళు.

కొడైకెనాల్‌లో 20వ శతాబ్దం మొదటి నుండి సూర్యుణ్ణి ఫోటోలు తీస్తూ వచ్చారు. సూర్యుని పనికి అది బంగారం వంటి చోటు. నక్షత్రాల పనికి మాత్రం మబ్బు అడ్డం. అందుకని బప్పు గారు దక్షిణాదిన మంచి ఆకాశం ఎక్కడుందా అని కొండలన్నీ వెదికించి, చివరికి జవ్వాది కొండలలో గంధపు చెట్ల అడవి మధ్యన కావలూరు అనే చిన్న పల్లెను ఎంచుకున్నారు. మనవాళ్ళకు తోలు వ్యాపారం మీద వాణియంబాడి, ఆంబూరు తెలిసినవే గదా, ఆ వాణియంబాడికి దాపులోనే. సముద్రమట్టానికి సుమారు 725 మీటర్ల ఎత్తు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఉత్తరాకాశంతో పాటు దక్షిణాకాశం కూడా చాలా మేరకు కనబడుతుంది. 1968లో కొడైకెనాల్ వర్క్‌షాపులో తయారు చేసుకున్న 38 సెంటీమీటర్ల చిన్న దుర్భిణితో అక్కడ పని మొదలుపెట్టారు. అదే ఏడు మన హైదరాబాదు దగ్గర రంగాపూర్‌లో నిజామియా వారి 48 అంగుళాల దుర్భిణి పనిలోకి వచ్చింది. దాన్ని తెప్పించే ప్రయత్నం అక్బర్ అలీ గారు నిజామియా డైరెక్టరుగా ఉన్న కాలంలో మొదలయింది.

1972లో కావలూరుకు జర్మనీ నుండి ఒక మీటరు దుర్భిణి వచ్చింది. అది వచ్చీరాగానే జరిగిన సంగతి వినదగినది. ఆ ఏడు జూన్ 7న గురుగ్రహపు చందమామ గనిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చింది. దీపం మీద చేయి పెడితే టక్కున ఆరినట్లు నక్షత్రం మాయం కావాలి. టక్కున మాయం కాలేదు. కాస్త మసకబారి మాయమయింది. కాబట్టి గనిమీడ్ చుట్టూ గాలి పొర ఉందని కావలూరు వాళ్ళూ, జావా ద్వీపంలో చూసినవాళ్ళూ తేల్చారు. 1979లో వాయేజర్ 1 నౌక గనిమీడ్ పక్కగా పోతూ చూసి, మీరు చెప్పినంత గాలి అక్కడ లేదని తేల్చింది. కథ అంతటితో అయిపోలేదు. 1990లలో అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోపు చూస్తే బహు పల్చని ఆక్సిజన్ ఉన్న మాట నిజమేనని తేలింది. కొండ మీది వాళ్ళు చెప్పిన కొలత తప్పింది, గాలి పూర్తిగా లేకుండానూ పోలేదు. శాస్త్రం పని ఇట్లాగే నడుస్తుంది. తప్పు అని తేలినదాన్ని దాచుకోకుండా చెప్పుకోవడం నాకు నచ్చింది.

1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రానికి అడ్డం వచ్చే రాత్రి, అమెరికా వాళ్ళు దుర్భిణిని విమానంలో పెట్టుకుని హిందూ మహాసముద్రం మీద ఎగురుతూ చూశారు. కావలూరులో భట్టాచార్య, కుప్పుస్వామి గార్లు ఒక మీటరు దుర్భిణితో చూశారు. గ్రహం ఇంకా నక్షత్రాన్ని చేరకముందే వెలుగు కొన్ని సెకన్ల పాటు తగ్గి మళ్ళీ వచ్చింది. యురేనస్ చుట్టూ కూడా శనికి ఉన్నట్లు వలయాలున్నాయని ఆ విధంగా బయటపడింది. పేరు ఎక్కువగా విమానం వాళ్ళకు పోయింది. వాళ్ళు ఒక్కటి కాదు, వరుసగా అనేక వలయాలు పట్టుకున్నారు కాబట్టి అది న్యాయమే. 1986 జనవరిలో వాయేజర్ 2 అక్కడికే పోయి ఆ వలయాలను ఫోటో తీసి పంపింది.

ఇక్కడే మా మనుమడి ప్రశ్నకు జవాబు ఉంది. మన నల్లచెరువు నిండినప్పుడు గట్టు మీద నిలబడి అడుగున ఉన్న గులకరాయిని చూడండి. నీళ్ళు కదిలితే రాయి వణికినట్లు ఉంటుంది. నిజానికి రాయి కదలదు. చుక్కలు మిణుకుమిణుకుమనడం కూడా అట్లాగే. మనం గాలి అనే చెరువు అడుగున ఉండి పైకి చూస్తున్నాము. పైగా ఆ గాలి కొన్ని వెలుగులను అసలు కిందికి రానివ్వదు. ఓజోను పొర అతినీల కాంతిని ఆపేస్తుంది. మన ఒళ్ళు కాలకుండా ఉండటానికి అది భగవంతుడు కప్పిన దుప్పటి వంటిది గాని, నక్షత్రాలను చదివేవాడికి కళ్ళగంతే. బప్పు గారు కనుగొన్న కాల్షియం చార కంటికి కనిపించే వెలుగు అంచున ఉంది కాబట్టి నేల మీది నుండి కొలవగలిగారు. అటువంటిదే మెగ్నీషియం చార ఇంకొకటి ఉంది, అది అతినీల కాంతిలో ఉంటుంది. 1978లో ఐయూఈ అనే ఉపగ్రహం పైకి పోయిన తరువాత ఆ చారను కూడా ఎన్నో నక్షత్రాలలో కొలిచారు. అందులోనూ వెలుగు ఎక్కువైతే చార వెడల్పు పెరుగుతుందనే విల్సన్-బప్పు క్రమమే కనిపించింది.

ఇక సంస్థ సంగతి. కొడైకెనాల్, కావలూరు కలిపి 1971లో భారత ఖగోళ భౌతిక సంస్థ అని స్వతంత్ర సంస్థగా ఏర్పడటానికి ఆయనే కారకుడు. ప్రధాన కార్యాలయం తరువాత బెంగుళూరుకు వచ్చింది. 1970లో భట్నాగర్ బహుమతి, 1981లో పద్మభూషణ్ వచ్చాయి. 1979లో ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సమాఖ్యకు అధ్యక్షుడయ్యారు. ఒక భారతీయుడు ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన మనసు మాత్రం ఒకదాని మీదే ఉండేది. పెద్ద దుర్భిణి మన దేశంలోనే, మన చేతులతోనే తయారు కావాలి. 2.34 మీటర్ల అద్దాన్ని ఇక్కడే అరగదీసి నునుపు చేయాలి. కొనుక్కుంటే త్వరగా వచ్చేదే. ఆయన ఒప్పుకోలేదు.

మధ్యలో 1980 ఫిబ్రవరి 16వ తేదీ వచ్చింది. పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది. సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక మీదుగా, హైదరాబాదు పక్కగా దక్కనును దాటిపోయింది. మన వైపు సంపూర్ణం కాలేదు గాని చాలా భాగం మూసుకుంది. పగలే సాయంత్రం అయినట్లయింది. వీధులు నిర్మానుష్యం, తలుపులు బిగించుకున్నారు. మనవాళ్ళు గ్రహణపు నమాజుకు నిలబడ్డారు. అదే సమయంలో బప్పు గారి సంస్థ వాళ్ళు, రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళు, విదేశాల నుండి వచ్చినవాళ్ళు పరికరాలు సర్దుకుని కూర్చున్నారు. సూర్యుని చుట్టూ ఉండే కరోనా అనే తెల్లని వెలుగు అప్పుడే కనబడుతుంది. అది మామూలుగా సూర్యుని ధగధగలో కలిసిపోతుంది. మన దక్కనులో ఆ అవకాశం మూడు నిమిషాల లోపే. ఏళ్ళ తరబడి తయారై, వేల మైళ్ళు వచ్చి, మూడు నిమిషాలు కూడా లేని చూపు కోసం కాచుకోవడం! మబ్బు వచ్చిందా, అంతా పోయినట్లే.

1982లో బప్పు గారు జర్మనీలోని మ్యూనిక్‌లో ఉండగా గుండె జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరవలసి వచ్చింది. ఆ ఆగస్టులోనే గ్రీసు దేశంలోని పాత్రాస్ నగరంలో ప్రపంచ సమాఖ్య మహాసభ. అధ్యక్షుడు ఆయనే. ఆయన పోలేకపోయారు. సభ జరుగుతూ ఉండగానే, ఆగస్టు 19న, మ్యూనిక్‌లో ప్రాణం పోయింది. 55 ఏళ్ళు నిండి తొమ్మిది రోజులు. తాను కట్టిస్తున్న దుర్భిణి కన్ను తెరవడం చూడలేదు. 1985 చివరలో అది ఆకాశాన్ని చూసింది. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి దానికి, ఆ వేధశాలకు వైను బప్పు పేరు పెట్టారు. ఆకాశంలో తిరిగే ఒక చిన్న గ్రహానికి కూడా ఆయన పేరు ఉంది, దాని నంబరు 2596.

ఇప్పుడు ఆ గాజు పలకల సంగతికి వస్తాను. 1989లో ఐరోపా వాళ్ళు హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపారు. దాని పని ఒక్కటే, నక్షత్రాల స్థానాలు, దూరాలు గాలి అడ్డం లేకుండా కొలవడం. అది 1 లక్షా 18 వేల నక్షత్రాల దూరాలు ఇచ్చింది. వాటితో పోల్చి చూసి విల్సన్-బప్పు గీతను మళ్ళీ సరిచేశారు. గీత కొంచెం జరిగింది గాని చెరిగిపోలేదు. ఇంకొక సమస్య మిగిలింది. నక్షత్రాలు నిలకడగా ఉండవు, బహు నిదానంగా జరుగుతూ ఉంటాయి. ఉపగ్రహం పని చేసింది నాలుగేళ్ళలోపే. ఆ కొద్ది కాలంలో జరిగిన దూరం తెలియాలంటే కష్టం. నూరేళ్ళ కిందట అదే చుక్క ఎక్కడుందో ఎవరైనా వ్రాసిపెట్టి ఉంటే తీసివేత లెక్క చాలు. వ్రాసిపెట్టినవాళ్ళు ఉన్నారు! ప్యారిస్ వాళ్ళు మొదలుపెట్టిన ఆ పాత లెక్కలను, అందులో హైదరాబాదు నిజామియా వాటాతో సహా తీసి, ఉపగ్రహం కొలతలతో కలిపి 2000లో 25 లక్షల నక్షత్రాల పట్టికను తయారుచేశారు. ఏ నక్షత్రం ఎటు ఎంత వేగంగా పోతోందో అందులో ఉంది. దాని పేరు టైకో-2. జఫర్ జంగ్ గారి జాగాలో మొదలైన వేధశాల, అక్కడ భూతద్దం పెట్టుకుని కళ్ళు పోగొట్టుకున్న గుమాస్తాల కష్టం, అంతరిక్షం నుండి వచ్చిన కొలతల పక్కన నిలబడి పనికి వచ్చింది. ఆ తరువాత 2013లో పంపిన గయా నౌక 100 కోట్లకు పైగా నక్షత్రాలను కొలిచి, 2025లో పని ముగించుకుంది. అది వేరే కథ.

బప్పు గారి సంస్థ నేల మీదనే ఆగిపోలేదు. 2015 సెప్టెంబరు 28న మన దేశం పంపిన ఆస్ట్రోశాట్‌లో అతినీల కాంతిని చూసే జంట దుర్భిణులను బెంగుళూరు పక్కన హొసకోటలో ఆ సంస్థ ఆవరణలోనే కూర్చారు. కోలారు రోడ్డున పోయేవాళ్ళకు హొసకోట తెలిసినదే. ఓజోను దుప్పటి దాటి పైకి పోయిన మన కళ్ళు అవి. దూరపు గెలాక్సీలను, వేడి నక్షత్రాలను వాటితో చూశారు. ఆదిత్య-ఎల్1లోని కరోనాగ్రాఫు కూడా హొసకోటలోనే తయారయింది. అందులో సూర్యుని నడిమి బింబం వెలుగును పక్కకు తప్పించే ఏర్పాటు ఉంది. అంటే గ్రహణాన్ని వెంట పెట్టుకుని పోయినట్లు. 2024 జనవరి 6న నౌక తన చోటికి చేరింది. అక్కడ రాత్రి లేదు, మబ్బు లేదు. రోజుకు 1,440 బొమ్మలు, అంటే నిమిషానికొకటి చొప్పున పంపేట్లు దాన్ని రూపొందించారు. 1980లో మూడు నిమిషాల లోపు చూపు కోసం అంతమంది పడిన పాట్లు తలచుకుంటే ఈ లెక్క విలువ తెలుస్తుంది.

మా మనుమడికి ఇదంతా చెప్పిన తరువాత వాడు కావలూరు చూడాలన్నాడు. అక్కడ జనాన్ని కూడా లోపలికి రానిస్తారు, రోజులు, వేళలు ముందుగా కనుక్కుని పోవాలి. వాణియంబాడి వైపు చుట్టాలున్నవాళ్ళు, సరుకు పని మీద పోయేవాళ్ళు పిల్లలను వెంట తీసుకుపోవచ్చు. వానాకాలం మాత్రం వద్దు, ఆ కొండల మీద అప్పుడు మబ్బులు తప్ప చుక్కలు కనబడవు.